ఇవ్న్యాకి ఊళ్ళో ఏడో ఇల్లు

నీనా పావ్లొవ్నాని తండ్రి పేరు కలిపి పిలిచే మనిషి ఆ అపార్టుమెంట్లన్నిటిలో లక్ష్మీకాంతం ఒక్కతే. లీజింగ్ ఆఫీసులో కూర్చునే అమ్మాయికి ఆవిడ ఉత్త నీనా. పోస్టు తెచ్చే అతనికి వన్ నాట్ ఫోర్. లక్ష్మీకాంతం మాత్రం అమెరికాలో కూతురి దగ్గరికి, షామ్‌బర్గ్ వచ్చిన రెండో వారంలోనే, లాండ్రీ రూములో ఆవిడ తడి దుప్పటి విదిలిస్తుంటే దగ్గరికి వెళ్ళి, "యువర్ ఫాదర్ నేమ్?" అని అడిగింది. ఎందుకడుగుతోందో తెలియకపోయినా పావెల్ అని చెప్పిందావిడ.

"అయితే నీనా పావ్లొవ్నా" అంది లక్ష్మీకాంతం.

దుప్పటి కొస ఆవిడ చేతిలోంచి జారి నేల మీద పడింది. అలా పిలిపించుకుని పదహారేళ్ళయిందట. గుడివాడలో ఉన్న రోజుల్లో, వ్యానులో తెచ్చి చవగ్గా అమ్మే రష్యన్ నవలల్ని తెలుగులో చదివి లక్ష్మీకాంతం నేర్చుకున్న మర్యాద అది. కాసేపటికి ఆవిడా ఈమె తండ్రి పేరు అడిగింది. రాజారావు అని చెబితే, రెండు మూడుసార్లు నోట్లో నలిపి చూసుకుని, "రాజారావొవ్నా" అని తేల్చింది. డ్రయ్యరు చప్పుడును మించి నవ్వుకున్నారిద్దరూ.

ఇద్దరిదీ విరిగిన ఇంగ్లీషే. అయితే ఇద్దరికీ వేరు వేరు చోట్ల విరగడం వల్ల, ఒకరికి దొరకని ముక్క ఇంకొకరు అందించేవారు.

2011 సెప్టెంబరు ఆఖరి సోమవారం నాడు లక్ష్మీకాంతం గిన్నెడు జంతికలు పట్టుకుని కిందికి దిగేసరికి, వన్ నాట్ ఫోర్ తలుపు తీసే ఉంది. హాల్లో మడత విప్పని అట్టపెట్టెలు గోడకి ఆనించి ఉన్నాయి. లక్ష్మీకాంతం గుమ్మంలోనే ఆగింది. అట్టపెట్టెలు చూస్తే చాలు, ఆమెకి అడుగు ముందుకి పడదు.

"శనివారం" అంది నీనా పావ్లొవ్నా. "ఒలెగ్ వస్తాడు. అరిజోనా తీసుకుపోతాడు. చాండ్లర్. వాడింటి పక్కనే ముసలివాళ్ళుండే చోటు ఉంది. భోజనం, నర్సు, అన్నీ."

"ఉన్నట్టుండి ఎందుకు?"

ఆవిడ పొయ్యి వైపు చూపించింది. కెటిల్ అడుగు నల్లగా మాడి ఉంది. "నీళ్ళు పెట్టాను. మర్చిపోయాను. పోయిన నెల ఇంటి దారి మర్చిపోయాను. ఇప్పుడు పొయ్యి. డాక్టరు ఒలెగ్‌కి ఫోన్ చేశాడు."

లక్ష్మీకాంతం వెళ్ళి పొయ్యి మీట చూసింది. కట్టేసే ఉంది. మళ్ళీ ఒకసారి తిప్పి చూసి వచ్చి కూర్చుంది.

నీనా పావ్లొవ్నా జంతిక విరిచింది కానీ తినలేదు. "నేను ఊళ్ళో టీచర్ని. చరిత్ర, భూగోళం. మా ఊరు ఇప్పుడు లేదు. కాగితం మీద కూడా లేదు. ఇక్కడుంది" అని నుదుటి మీద వేలితో కొట్టుకుంది. "ఇక్కడ కూడా మాడిపోతోంది. శనివారం లోపల రాసి పెట్టాలి. నా కళ్ళకి అక్షరం ఆనదు. నువ్వు రాస్తావా?"

"నాకు ఇంగ్లీషు రాయడం రాదు నీనా పావ్లొవ్నా."

"నీకు వచ్చిన భాషలో రాయి."

"తెలుగులో రాస్తే నువ్వెలా చదువుతావు?"

"ఏ భాషలో రాసినా నేను చదవలేను. రాసి ఉండాలి. అంతే."

ఇందులో ఏదో తిరకాసు ఉందనిపించింది లక్ష్మీకాంతానికి. కానీ ఆవిడ అప్పుడే జంతిక ముక్క పక్కన పెట్టి, బల్ల మీద రాసుకోవడానికి చోటు చేస్తోంది. పైకి వెళ్ళి, సరుకుల జాబితా రాసుకునే నోటుబుక్కు, రెండు పెన్సిళ్ళు తెచ్చుకుంది.

ఆవిడ టీచరమ్మలాగే మొదలుపెట్టింది. ఊరి పేరు ఇవ్న్యాకి. నది పేరు షేల్మా. నది ఉత్తరం నుంచి వచ్చి ఊరి దగ్గర మోచెయ్యిలా వంగి తూర్పుకి పోతుంది. ఊరున్న గట్టు ఎత్తు. అవతలి గట్టు పల్లం, గడ్డిమైదానం. ఏప్రిల్ ఆఖర్న మంచు పగిలితే పిడుగు పడ్డట్టు చప్పుడు. ఆ తర్వాత రెండు వారాలు ఊరికి దారి ఉండదు. ఇళ్ళ వెనక చిత్తడి నేల, అందులో ఎర్రటి పుల్లపళ్ళు. రైలు స్టేషను ఇరవై రెండు కిలోమీటర్లు. ఇళ్ళు పంతొమ్మిది. అన్నీ ఒకే వరసలో, నది వైపు మొహం పెట్టి.

"చరిత్ర?" అని అడిగింది లక్ష్మీకాంతం.

"చెప్పుకోదగ్గవాడు ఒక్కడూ మా ఊరు రాలేదు. అది మొదటి వాక్యం. యుద్ధానికి ముప్పై ఒక్కమంది వెళ్ళారు. ఆరుగురు వచ్చారు. అది రెండోది."

లక్ష్మీకాంతం రాసింది. ముప్పై ఒకటిలోంచి ఆరు తీసేసి, ఇరవై అయిదు అని అంచున వేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం, అప్పటిదాకా రాసింది రాసినట్టు చదివి వినిపించమంది నీనా పావ్లొవ్నా. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా కళ్ళు మూసుకుని, క్లాసులో పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. లక్ష్మీకాంతానికి హుషారు వచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు తన వంతుగా కొంచెం మెరుగు పెట్టింది మరి. నవలల్లో చదివిన ఊళ్ళు ఎంత బాగుండేవి! గొంతు సవరించుకుని చదువుతోంది.

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఆగు. సమోవార్ అన్నావు. సమోవార్ ఎక్కడిది?"

లక్ష్మీకాంతం తడబడింది. "మీ ఇంట్లో. టీ నీళ్ళు కాచుకోవడానికి."

"మా ఇంట్లో మసి పట్టిన కెటిల్. సమోవార్ ఊరు మొత్తానికి లేదు. ఊ, చదువు."

రెండు వాక్యాలు దాటాయో లేదో మళ్ళీ చెయ్యెత్తింది. "బిర్చ్? బిర్చ్ ఎవరు నాటారు? మాది విల్లో చెట్ల ఊరు. ఆ పేరుకి అర్థమే అది."

"రష్యాలో అన్ని చోట్లా బిర్చ్ చెట్లే ఉంటాయనుకున్నా."

"ఇంకా ఏం పెట్టావు అందులో? మొత్తం చెప్పు."

లక్ష్మీకాంతం తలొంచుకుని, చాలా మెల్లిగా, "ట్రోయికా" అంది.

నీనా పావ్లొవ్నాకి ముందు దగ్గు వచ్చింది, తర్వాత అది నవ్వయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మూడు గుర్రాల బండి! రాజారావొవ్నా, మాకున్నది ఒకటే గుర్రం. అది కుంటిది. దాని పేరు డైరెక్టరు" అంది.

నవ్వు ఆగాక ఆవిడ గొంతు మారింది. "అందమైన ఊరు రాయకు. అందమైన ఊళ్ళు పుస్తకాల్లో చాలా ఉన్నాయి. నా ఊరు రాయి."

లక్ష్మీకాంతం ఆవిడ ఎదురుగానే సమోవారుని కొట్టేసింది. బిర్చ్ చెట్లని వరసగా కొట్టేసింది. ట్రోయికాని కొట్టేసేటప్పుడు మాత్రం కొంచెం ప్రాణం ఉసూరుమంది. వాటి పక్కన సందుల్లో మసి కెటిలు, విల్లో, డైరెక్టరు అనే కుంటి గుర్రం ఇరుక్కున్నాయి.

బుధవారం ఇళ్ళ వరస చెప్పించుకుంది. నది పారే దిక్కుగా చెప్పడం ఆవిడ పద్ధతి. మొదటి ఇల్లు పడవలకి తారు పూసే గ్రిగోరిది. రెండోది ఫ్యోక్లాది, ఆమె గుమ్మంలో ఎప్పుడూ వలలు ఆరేసి ఉండేవి. ఇంటికీ ఇంటికీ మధ్య ఎన్ని అంగలో కూడా చెప్పింది. ప్రతి ఏడూ సెప్టెంబరులో పిల్లల చేత అంగలు వేయించి కొలిపించేదట, భూగోళం మొదటి పాఠంగా. ఆరోది ఒంటిచేతి సెమ్యోన్‌ది, ఆ ఒక్క చేత్తోనే ఊరందరికీ పొయ్యిలు కట్టాడు. ఏడోది తేనెటీగలు పెంచే క్లావ్దియాది. అలా నది వంపు దాకా.

మధ్యలో ఒలెగ్ ఫోన్ చేశాడు. ఆవిడ స్పీకరు పెట్టింది. కొంత రష్యన్‌లో, కొంత ఇంగ్లీషులో మాట్లాడాడు. ఏం సర్దావని అడిగినట్టున్నాడు, ఆవిడ ఊరి గురించి రాయిస్తున్నానని చెప్పింది.

"మమ్మా, ప్లీజ్. గూగుల్ మ్యాప్‌లో కూడా లేదది. నేను చూశాను. మొత్తం పచ్చరంగే. నువ్వు కోట్లు సర్దుకో, చాలు."

"అరిజోనా ఎండల్లో కోట్లు ఎందుకు?" అని ఫోన్ పెట్టేసింది.

గురువారం నాడు వచ్చింది చిక్కు. లక్ష్మీకాంతం పొద్దున్నే వంట ముగించి, ఊరి పటం గీద్దామని కూతురు ఇంద్రజ ప్రింటరులోంచి నాలుగు తెల్లకాగితాలు తీసి వాటిని టేపుతో అంటించింది. నది గీసి, గట్టు మీద ఒక్కో ఇంటికీ ఒక్కో గడి గీస్తూ పోయింది, అంగకో చిన్న గీత లెక్కన. అన్ని ఇళ్ళ మధ్యా ముప్పై అయిదు, నలభై అంగలు. సెమ్యోన్ ఇంటికీ క్లావ్దియా ఇంటికీ మధ్య మాత్రం తొంభై. గడులు లెక్కపెట్టింది. పద్దెనిమిది. మళ్ళీ పై నుంచి లెక్కపెట్టింది. కింది నుంచి లెక్కపెట్టింది. నోటుబుక్కు మొదటి పేజీలో తన చేత్తోనే రాసి ఉంది, ఇళ్ళు పంతొమ్మిది అని.

కాగితం పట్టుకుని కిందికి వెళ్ళింది.

"నీనా పావ్లొవ్నా, ఇక్కడేముంది? పొలమా?"

ఆవిడకి పటం సరిగా ఆనలేదు. లక్ష్మీకాంతం ఆవిడ వేలు పట్టుకుని ఆరో ఇంటి మీద పెట్టి, ఖాళీ మీదుగా ఏడో ఇంటి దాకా జరిపింది. వేలు సగం దారిలో బిగుసుకుంది.

"ఏమీ లేదు. గడ్డి."

"మొదటి రోజు పంతొమ్మిది ఇళ్ళన్నావు."

"పద్దెనిమిది."

"రాసుకున్నాను మరి."

"నాకు మతిమరుపు. డాక్టరు చెప్పాడు. పద్దెనిమిది అని దిద్దు." ఆవిడ లేచి, అప్పటికే సర్దిన పెట్టెలోంచి ప్లేట్లు బయటికి తీసి, మళ్ళీ కాగితం చుట్టడం మొదలుపెట్టింది. "నువ్వు వెళ్ళు. మీ అమ్మాయి వచ్చే వేళయింది."

గడియారంలో రెండున్నరే అయింది. లక్ష్మీకాంతం పటం చుట్టుకుని మెట్లెక్కింది.

ఆ సాయంత్రం ఇంద్రజ ఆఫీసు నుంచి వచ్చి తల్లి మొహం చూసి, "ఏమైందే అమ్మా? బీపీ టాబ్లెట్ వేసుకున్నావా?" అంది.

"ఆవిడకి కోపం తెప్పించానే ఇందూ. వెళ్ళిపోయే ముందు."

"ఎవరు, నీనా ఆంటీయా? సారీ చెప్పెయ్. రేపు అక్కడ హెల్ప్ చేస్తానన్నావుగా."

"రేపు వెళ్ళను. ఎల్లుండి కూడా కిందికి దిగను. మనుషులు బయల్దేరుతుంటే చూళ్ళేను నేను."

"నీదంతా ఇదేనమ్మా. నేను ఇక్కడికి వచ్చేటప్పుడు కూడా ఎయిర్‌పోర్టుకి రాకుండా వంటింట్లో కూర్చుని పప్పు ఏరావు" అంది ఇంద్రజ, నవ్వుతూనే. లక్ష్మీకాంతం నవ్వలేదు.

శుక్రవారం పొద్దున్న రెండు కట్టల మెంతికూర ముందేసుకుని కూర్చుంది. తలుపు చప్పుడైంది. తీస్తే నీనా పావ్లొవ్నా. మోకాళ్ళ నొప్పుల మనిషి రెండంతస్తులు ఎక్కి వచ్చింది. రొప్పు తగ్గేదాకా మాట్లాడలేదు. నీళ్ళు తాగి, బల్ల ముందు కూర్చుని, లక్ష్మీకాంతం ఎలా గిల్లుతోందో చూసి, తనూ ఒక రెమ్మ తీసుకుంది. ఆకు గిల్లి గిన్నెలో వేసింది. కాడ పక్కన పెట్టింది.

"మార్ఫా" అంది. "సెమ్యోన్‌కీ క్లావ్దియాకీ మధ్య."

లక్ష్మీకాంతం పెన్సిలు కోసం లేవబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"తర్వాత రాద్దువు. ముందు విను. చిన్న ఊళ్ళని సర్కారు మూసేస్తోందప్పుడు. జిల్లా ఆఫీసు నుంచి ఒకతను వచ్చాడు. బడిలో ఎందరు పిల్లలు, బడి అవసరమా అని కాగితం. బడి అక్కర్లేదని టీచరు సంతకం కావాలి. ఇద్దరే పిల్లలు. ఒకడు నా ఒలెగ్. సంతకం చేస్తే టౌనులో ఉద్యోగం, పంపు నీళ్ళున్న గది ఇస్తామన్నాడు. బడి పోతే సరుకుల పడవ రాదు. పడవ రాకపోతే కరెంటు తీసేస్తారు. అది నాకు తెలుసు. అందరికీ తెలుసు."

ఇంకో రెమ్మ తీసుకుంది.

"చాలా ఇళ్ళు అప్పటికే తాళాలు. మిగిలినవాళ్ళూ వెళ్ళడానికి సిద్ధమే. మార్ఫా ఒక్కతే కాదంది. ముసల్ది. నా దగ్గరికి వచ్చింది. ఫిబ్రవరిలో నా ఆవు ఈనుతుంది, వసంతం దాకా ఆ కాగితం ఆపు నీనా పావ్లొవ్నా, అప్పుడు నేనూ వస్తాను అంది. ఆపుతానన్నాను. ఆమె వెళ్ళిన మర్నాడు సంతకం చేశాను."

లక్ష్మీకాంతం చేతులు ఆగిపోయి చాలాసేపయింది. ఆవిడ చేతులు మాత్రం గిల్లుతూనే ఉన్నాయి.

"సెప్టెంబరులో ఆఖరి పడవ. నేను ఊరికి వీపు పెట్టి కూర్చున్నాను. మార్ఫా గట్టు మీద నిలబడి చూస్తోంది. నేను తిరగలేదు. కానీ తెలుసు. వీపుకి తెలిసింది."

"తర్వాత ఆమె?"

"తెలీదు."

"ఎవర్నీ అడగలేదా?"

"అడగలేదు. అడిగితే చెప్పేవాళ్ళు."

లక్ష్మీకాంతానికి ఓదార్పు మాటలు నోటిదాకా వచ్చాయి. చిన్నదానివి, పిల్లాడున్నాడు, నువ్వు కాకపోతే ఇంకొకరు సంతకం పెట్టేవారు అనబోయింది. ట్రోయికా అన్నప్పుడు ఆవిడ నవ్విన నవ్వు, ఆ వెంటనే మారిన గొంతు గుర్తొచ్చి ఆగిపోయింది. లేచి నోటుబుక్కు తెచ్చింది.

"మార్ఫా తండ్రి పేరు?"

నీనా పావ్లొవ్నా మొదటిసారి తలెత్తి చూసింది. "ఇగ్నాత్. మార్ఫా ఇగ్నాత్యెవ్నా."

"ఇల్లెలా ఉండేది?"

"నీలం కిటికీలు. ఒక మూల కుంగింది. సెమ్యోన్ ఇంటి నుంచి నలభై నాలుగు అంగలు."

"కాగితం సంగతి ఎక్కడ రాయమంటావు? చరిత్రలోనా, భూగోళంలోనా?"

ఆవిడ ఆలోచించింది. "చరిత్రలో. యుద్ధం తర్వాత. నా పేరుతో."

ఆవిడని రెండంతస్తులూ దింపి వచ్చాక, లక్ష్మీకాంతం కొత్త నోటుబుక్కు తెరిచింది. కొట్టివేతలు లేకుండా, మొదటి వాక్యం నుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. ఏడో అంకె దగ్గరికి వచ్చాక కింది ఇళ్ళన్నీ ఒక్కో మెట్టు జరిగాయి. క్లావ్దియా ఎనిమిది. ఆమె పక్కిల్లు తొమ్మిది. మెంతికూర బల్ల మీదే వాడిపోయింది.

ఇంద్రజ వచ్చేసరికి వంటింట్లో లైటు కూడా లేదు. "అమ్మా, కుక్కర్ పెట్టలేదా?"

"ఇవ్వాళ మీ ఇష్టం వచ్చింది తెప్పించుకోండే."

ఇంద్రజ ఆశ్చర్యపోయి, వెనక నిలబడి కాసేపు పేజీలోకి తొంగి చూసింది. "ఇదంతా ఆంటీ ఊరా? తెలుగులో ఎవరు చదువుతారమ్మా? నాకియ్యి, వీకెండ్‌లో ఇంగ్లీషులో టైప్ చేసి ఈమెయిల్ పెడతాను."

"పెడుదువులే. ముందు ఇది ఆవిడ చేతికి వెళ్ళాలి. పొద్దున తొమ్మిదికే బయల్దేరుతున్నారు." తలెత్తకుండానే అంది. "ఎనిమిదింటికి నన్ను కిందికి పంపు. నేను వెళ్ళనన్నా సరే."

పంపాల్సిన అవసరం రాలేదు. శనివారం ఏడూముప్పావుకే లక్ష్మీకాంతం వన్ నాట్ ఫోర్ గుమ్మంలో ఉంది. హాలు ఖాళీ అయిపోయింది. సోఫా కాళ్ళు, బల్ల కాళ్ళు నొక్కిన గుంటలు కార్పెట్ మీద మిగిలాయి. ఒలెగ్ బట్టతల, బొద్దు మనిషి. ఆఖరి పెట్టెలు మోస్తూ ఆమెకి తల పంకించాడు. నీనా పావ్లొవ్నా కోటు తొడుక్కుని గోడ పక్కన నిలబడి ఉంది.

"అయిందా?"

"అయింది. పంతొమ్మిది."

"చదువు."

లక్ష్మీకాంతం చదివింది. గ్రిగోరి పేరు వినగానే ఆవిడ గోడ మీద చెయ్యి ఆన్చింది. ఫ్యోక్లా అనేసరికి రెండడుగులు వేసి ఆగింది. అలా పేరు వచ్చినప్పుడల్లా గోడ వెంట కొంచెం కొంచెం నడుస్తోంది. ఆరో ఇల్లు దాటింది.

"ఏడో ఇల్లు మార్ఫా ఇగ్నాత్యెవ్నాది."

ఆగిపోయింది. లక్ష్మీకాంతం వాక్యం మీద వేలు పెట్టుకుని ఎదురుచూసింది.

గుమ్మంలో పెట్టెతో ఉన్న ఒలెగ్ కూడా ఆగాడు. "మార్ఫా?" అన్నాడు. పెట్టె దించి తల్లిని రష్యన్‌లో ఏదో అడిగాడు. ఆవిడ గోడ వైపే చూస్తూ జవాబు చెప్పింది. పొడుగ్గా చెప్పింది. అతను మధ్యలోనే తల అడ్డంగా ఊపాడు. మాటలు చాలనట్టు చేతులతో చూపించాడు. రెండు చేతులతో ఒక కర్ర పట్టుకున్నట్టు, దాన్ని పాదంతో నేలలోకి తొక్కినట్టు, వంగి ఏదో ఏరినట్టు. లేచి ఒక అడుగు జరిగి మళ్ళీ తొక్కాడు.

నీనా పావ్లొవ్నా ఇటు తిరిగింది.

"వీడు పడవలో నాకెదురుగా కూర్చున్నాడట. ఊరి వైపు మొహం పెట్టి. తొమ్మిదేళ్ళవాడు. వంపు తిరిగేదాకా చూశాడట. మార్ఫా గట్టు మీద లేదు. పెరట్లో బంగాళాదుంపలు తవ్వుకుంటోంది. తల కూడా ఎత్తలేదు." ఊపిరి పీల్చుకుంది. "ముప్పై ఎనిమిదేళ్ళు, రాజారావొవ్నా. నన్నే చూస్తోందనుకున్నాను."

ఆ మాట అన్న గొంతులో ఉన్నది ఊరటో, అంతకన్నా పెద్ద దెబ్బో లక్ష్మీకాంతానికి తెలియలేదు. ఆవిడకీ తెలిసినట్టు లేదు. కాసేపటికి కొడుకు వైపు తిరిగి, టీచరమ్మ గొంతుతో ఒక్క ప్రశ్న అడిగింది. అతను కళ్ళు చికిలించి, చాలా దూరం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు. రెండు వేళ్ళు ఎత్తాడు. ఆలోచించుకుని మూడోది కూడా ఎత్తాడు.

"రాయి" అంది నీనా పావ్లొవ్నా. "ఆ రోజు ఆమె పెరట్లో ఇంకా మూడు వరసల దుంపలు మిగిలి ఉన్నాయి."

కూర్చోవడానికి కుర్చీ లేదు. లక్ష్మీకాంతం నోటుబుక్కుని గోడకి ఆనించి, ఏడో ఇంటి కింద సందులో ఆ వాక్యం ఇరికించి రాసింది. ఒలెగ్ వాచీ చూసుకోలేదు. పెట్టె మీద కూర్చున్నాడు. రాయడం పూర్తయ్యేదాకా ఆగి, గోడ మీంచి చెయ్యి తియ్యకుండా, నీనా పావ్లొవ్నా ఎనిమిదో ఇంటి వైపు నడిచింది.